ఇంటి చాకిరీ వ్యాయామం కింద లెక్కకు వస్తుందా?

ప్రశ్న (మియాపూర్ నుంచి):
మా వారు పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళొచ్చి, "నువ్వూ కాస్త కదలొచ్చుగా" అంటారు. ఆయన వచ్చేసరికి నేను రెండు బాక్సులు సర్ది, పాపకి జడలేసి, మెట్రోకి పరుగెడుతుంటాను. ఆఫీసులో మాత్రం సాయంత్రం దాకా కుర్చీలోనే. నాకు 41. అత్తయ్యకి 67, మోకాళ్ళ నొప్పులు, టీవీ ముందు నుంచి లేవరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2022 నాటికి మన దేశంలో ఆడవాళ్ళు 57 శాతం, మగవాళ్ళు 42 శాతం చాలినంత కదలడం లేదట. మరి మా ఇంటి పని ఆ లెక్కలో లేదా?

జవాబు 1:
ఉందండీ. ఉద్యోగం, ఇంటి పని, నడిచి వెళ్ళిరావడం, ఆటలు అన్నీ కలిపి చూశాకే ఆ 57.

జవాబు 2 (రామ్‌నగర్, రిటైర్డ్ టీచర్):
అమ్మాయీ, పని చేస్తున్నప్పుడు మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది వ్యాయామమే. కూరలు తరగడం, పోపు వెయ్యడం ఆ కోవలోకి రావు, కాళ్ళు పీకుతాయి అంతే. బకెట్ పెట్టుకుని ఇల్లంతా తుడిస్తే వస్తుంది. అది చేసేది మనమా? మా పనమ్మాయి నాకంటే ఫిట్!

కావలసింది వారానికి 150 నిమిషాలు. ఒక్కసారికి కనీసం పది నిమిషాలుండాలన్న పాత నియమం 2020లో తీసేశారు. కాబట్టి మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ వదిలి మెట్లెక్కినా కలుస్తుంది.

65 దాటినవాళ్ళు వారానికి మూడు రోజులైనా పడిపోకుండా నిలదొక్కుకునే కసరత్తు చెయ్యాలి. మీ అత్తగారిని ముందు ఫిజియోకి చూపించు. ఆయన సరే అంటే, వంటగట్టు పట్టుకుని కాసేపు ఒంటికాలి మీద నిలబడమను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమను. సీరియల్ చూస్తూ కూడా చెయ్యొచ్చు.

ఇంకోటి. నేను రోజూ ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ వైపు నడుస్తాను. మగవాళ్ళు అన్ని వయసులవాళ్ళూ ఉంటారు. ఆడవాళ్ళలో ఎక్కువమంది నాలాగా వంటిల్లు కోడలికి అప్పజెప్పి వచ్చినవాళ్ళే. నీ ఈడువాళ్ళు బాగా తక్కువ. ఆ టైముకి బాక్సులు సర్దేది ఎవరు మరి? వారంలో మూడు రోజులు ఆ పని మీ ఆయనకి అప్పజెప్పు.

జవాబు 3:
నడవమంటారు సరే, ఫుట్‌పాత్ ఏదీ? మా కాలనీలో ఉన్న కాస్తా బైకులకీ మిర్చి బజ్జీల బండికీ పోయింది. చీకటితో బయల్దేరితే కుక్కలు. నేను టెర్రస్ మీదే తిరుగుతున్నా.

ప్రశ్న అడిగినావిడ:
టీచర్ గారూ, చెప్పి చూశాను. మంగళ, గురు, శనివారాలు బాక్సులు తనవేనన్నారు. శనివారం పాపకి స్కూలూ లేదు, నాకు ఆఫీసూ లేదు.