అప్‌డేట్: అమ్మ కిడ్నీలోని నీటితిత్తికి సీటీ స్కాన్ తీయించాము

అమ్మ ఎడమ కిడ్నీలో అల్ట్రాసౌండ్‌లో కనిపించిన నాలుగు సెంటీమీటర్ల తిత్తి మామూలు నీటితిత్తా, లేక నెమ్మదిగా పెరిగే కణితా అని పోయిన నెల అడిగాను. కాంట్రాస్ట్ (రక్తం అందే భాగాలు స్కాన్‌లో వెలిగి కనిపించేలా చేసే మందు) ఇంజెక్షన్ ఇచ్చి సీటీ తీయించమని సూచించిన వారందరికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాము.

రేడియాలజిస్టు గారు ఇంజెక్షన్‌కు ముందు, తరువాత తీసిన చిత్రాలను తెర మీద పక్కపక్కన పెట్టి ఓపికగా చూపించారు. తిత్తిలోని ద్రవం రెండింటిలోనూ 12 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రతను కొలిచే కొలమానం) దగ్గరే ఉంది. ద్రవానికి రక్తం అందదు కనుక ఆ అంకె మారదని, 20 యూనిట్లు లేదా అంతకు మించి పెరిగితే అక్కడ రక్తం అందే కణజాలం ఉన్నట్టు భావిస్తామని చెప్పారు. అయితే లోపల నున్నగా ఉన్న ఒక అడ్డుపొర, 3 మిల్లీమీటర్ల మందంతో, మందు ఎక్కాక తెల్లని దారంలా వెలిగింది. అది చూడగానే నా గుండె జారిపోయింది.

కిడ్నీ తిత్తులను క్యాన్సర్ అనుమానాన్ని బట్టి తరగతులుగా విడదీసే బోస్నియాక్ వర్గీకరణలో, 2019లో సవరించిన దాని ప్రకారం, ఇది 2ఎఫ్ (స్కాన్లతో గమనిస్తూ ఉండాల్సిన తరగతి) కిందకు వస్తుందట. పొర 4 మిల్లీమీటర్లు ఉంటే మూడో తరగతి, మందు పట్టే బుడిపె ఉంటే నాలుగో తరగతి అయ్యేది. ఒక్క మిల్లీమీటరు తేడాకు ఇంత విలువ ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

2ఎఫ్ తిత్తుల్లో అత్యధికం హానిలేనివే కనుక ఆపరేషన్ ప్రస్తావన రాలేదు. ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై మొత్తం ఐదేళ్లు పూర్తయ్యేవరకు ఏటా స్కాన్ చేయించాలి. పోల్చి చూడటానికి ఈ సీడీని భద్రపరిచాను.