లైబ్రరీలో ఎవరు రిటైరయ్యారో, ఎవరు ఏ సెక్షన్‌కి మారారో పాఠకులకు చెప్పాలా, అక్కర్లేదా?

మూడో_అంతస్తు:
మా యూనివర్సిటీ పేరు చెప్పను. చెబితే రేపు నా నో డ్యూస్ (లైబ్రరీకి బాకీ లేనన్న కాగితం) మీద సంతకం పడదు. 1930ల నాటి తెలుగు పత్రికల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. వాటి బైండు సంపుటాలు మా లైబ్రరీలో పై అంతస్తు గదిలో ఉంటాయి. పాత కార్డు కేటలాగులో ఉన్నాయి గానీ కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఏది ఏ బీరువాలో ఉందో ఒక్కాయనకే తెలుసు. సంవత్సరం చెబితే చాలు, "అది రెండు ముక్కలుగా బైండయిందమ్మా, రెండోది కింది అరలో అడ్డంగా పెట్టాను" అని కుర్చీలోంచి లేవకుండానే చెప్పేవారు.

సెలవుల తర్వాత వెళ్తే గదికి తాళం. కౌంటర్లో అడిగితే, "ఆయన రిటైరై రెండు నెలలైంది, తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి" అన్నారు. సిబ్బంది వాట్సాప్ గ్రూపులో శాలువా ఫొటోలతో సహా వచ్చిందట. నోటీసు బోర్డు మీద మాత్రం పోయినేడాది దసరా సెలవుల కాగితమే ఉంది, అదీ ఇంగ్లీషులో. ఇలాంటివి మాకు చెప్పాల్సిన బాధ్యత లైబ్రరీకి లేదా?

పార్కింగ్_కింద_చెట్టు:
ప్రెస్ అకాడమీ వాళ్ళ ఆర్కైవ్స్‌లో పాత పత్రికల స్కాన్లు ఉన్నాయిగా? పైగా యూనివర్సిటీలకు జర్నళ్ళు ఇచ్చే కేంద్ర పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చాక 30 మంది ప్రచురణకర్తల జర్నళ్ళు, దాదాపు 13 వేలు, హాస్టల్ మంచం మీద నుంచే చదవొచ్చు. మూడేళ్ళకు 6,000 కోట్లు పెట్టారు. ఇంకా తాళంచెవి గురించి ఏడుస్తారేంటి?

మూడో_అంతస్తు:
ఆ 13 వేలల్లో 1934 నాటి తెలుగు వారపత్రిక ఒక్కటి చూపించండి సార్. అకాడమీ స్కాన్లు చూశాను, నాకు కావలసిన సంచికలు అక్కడ లేవు. అందుకే మెట్లెక్కుతున్నాను.

కౌంటర్_వెనక:
నేను వేరే చోట లైబ్రరీ అసిస్టెంటుని. కాస్త మా వైపు నుంచి కూడా వినండి. బదిలీ అంటే పని మారడం ఒక్కటే కాదు. ఒకరు ఆరోగ్యం బాగాలేక గ్రౌండ్ ఫ్లోర్ అడుగుతారు, ఒకరి మీద మెమో ఉంటుంది, ఒకరికి పై వాళ్ళతో పడదు. అదంతా బోర్డు మీద పెడితే సాయంత్రానికి క్యాంటీన్లో కథలల్లుతారు.

మా దగ్గర ఒకసారి సెక్షన్ల వారీగా పేర్లు, సెల్ నంబర్లు అంటించారు. రాత్రి పదకొండింటికి ఫోన్, "మేడం, బుక్ రెన్యూ చేస్తారా" అని. ఆ తర్వాత రెన్యూవల్ మాట కూడా లేకుండా ఫోన్లు. వారం తిరక్కుండానే కాగితం చించేశాం. మా రిటైర్మెంట్ మా ఇంటి విషయం, మీకు అది బులెటిన్ కానక్కర్లేదు.

లా_థర్డియర్:
ఇంటి విషయం కాదండీ. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(బి) తీయండి. ఎవరూ అడక్కుండానే ప్రభుత్వ సంస్థ తనంతట తాను బయటపెట్టాల్సినవి 17 అంశాలున్నాయి. తొమ్మిదోది అధికారులు, ఉద్యోగుల డైరెక్టరీ. పదోది జీతాలు. పదిహేనో దాంట్లో ప్రజల కోసం నడిపే లైబ్రరీ, రీడింగ్ రూం పనివేళల ప్రస్తావన కూడా ఉంది. 4(4) అయితే స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోమంటుంది. ఇంగ్లీషు కాగితం అంటించి చేతులు దులుపుకుంటే కుదరదు.

కౌంటర్_వెనక:
చట్టం ఏటా సవరించమంది తమ్ముడూ. నెలాఖరుకి ఎవరికి శాలువా కప్పారో బోర్డెక్కించమని ఎక్కడుందో చూపించు.

మూడో_అంతస్తు:
మా సైట్లో డైరెక్టరీ ఉంది. అందులో ఆయన ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు 🙂

పాత_కేటలాగర్:
నేనూ ఒక యూనివర్సిటీ లైబ్రరీలో చేసి రిటైరయినవాణ్ణే. మీరిద్దరూ మనిషి గురించి వాదించుకుంటున్నారు. అసలు సంగతి చార్జి అప్పగించడంలో ఉంది.

రిటైరయ్యే రోజు మేం ఏం అప్పజెబుతాం? తాళంచెవులు, రబ్బరు స్టాంపు, యాక్సెషన్ రిజిస్టర్లు (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి ఎక్కించేవి), దొరకని పుస్తకాల జాబితా. తీసుకునేవాడు సంతకం పెడతాడు. "ఫలానా సంవత్సరం కింది అరలో అడ్డంగా ఉంది" అన్న ముక్కకు ఏ రిజిస్టర్లోనూ గడి లేదు. మా దగ్గర తాళపత్రాలు చూసుకునే ఆయన ఒకరు ఉండేవారు. నిమ్మగడ్డి నూనె ఎంత రాయాలో, ఏ కట్టను అసలు విప్పకూడదో ఆయన వేళ్ళకు తెలుసు. ఆయన వెళ్ళాక వచ్చిన కుర్రాడు బుద్ధిమంతుడే. తెలియక నూనె ఎక్కువ రాశాడు, ఆకులు రెండు మూడు అతుక్కుపోయాయి. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఇంకో మాట, ఎవరూ పైకి అనరు. రిటైర్మెంట్ నోటీసు పెడితే ఖాళీ బయటపడుతుంది. "మరి ఆయన స్థానంలో ఎవరు?" అని మొదటి రోజే ఎవరో ఒకరు అడుగుతారు. పోస్టు నింపరని లోపల అందరికీ తెలుసు, కాబట్టి నోరు మెదపరు. మన అమ్మాయి గది తాళం కథ వెనక ఉన్నది కూడా అదే అయ్యుంటుంది.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ గారు 1931లో లైబ్రరీలకు రాసిన పంచసూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమని. ఏటా ఆగస్టు 12న ఆయన పటానికి దండ వేసి ఫొటో దిగుతాం. ఆ ఫొటో మటుకు బోర్డు మీద పెడతాం.

కౌంటర్_వెనక:
గురువు గారూ, ఖాళీ సంగతి మీరన్నది నిజమే. ఇప్పుడు మూడు సెక్షన్లు నేనొక్కదాన్నే చూస్తున్నాను. ఈ మాట బోర్డు మీద పెడితే అభ్యంతరం లేదు, పెట్టమనే అంటాను. నా పేరు వద్దు, నంబరు అసలే వద్దు. "ఈ గది ఇన్ని గంటలకు తెరుస్తారు, ఇక్కడ అడగండి" అని ఉంటే చాలదా?

లా_థర్డియర్:
పేరు లేకపోతే రేపు ఎవర్నీ నిలదీయలేం మేడం. "ఇక్కడ" అంటే ఎవరూ కాదు.

కౌంటర్_వెనక:
నిలదీయడానికా నువ్వు లైబ్రరీకి వచ్చేది?

పార్కింగ్_కింద_చెట్టు:
😂😂

మూడో_అంతస్తు:
ఇవాళ మళ్ళీ వెళ్ళాను. తాళం స్టోర్స్‌లో దొరికింది. గది చూసుకోమని ఔట్‌సోర్సింగ్ మీద వచ్చిన ఒక అమ్మాయికి చెప్పారు, తను ఆ గదిలో అడుగుపెట్టడం నాలాగే ఇవాళే. ఇద్దరం మాస్కులు కట్టుకుని బీరువాలు తీశాం. వెనక అట్టలు ఊడి ఉన్నాయి, పట్టుకుంటే అంచులు అప్పడాల్లా విరుగుతున్నాయి. ఏ అరలో ఏముందో తను చెబుతుంటే నేను రాశాను, నాలుగు బీరువాలయ్యాయి, ఇంకా ఏడున్నాయి. తలుపు మీద కాగితం కూడా అంటించాం, తెలుగులోనే: "పాత పత్రికల గది. సోమ, గురువారాలు 11 నుంచి 1 వరకు. పీరియాడికల్స్ కౌంటర్లో అడగండి." పేరు రాయమంటారా అని తననే అడిగాను. నవ్వి, "నా కాంట్రాక్టు మార్చి దాకానే అక్కా" అంది.

1934 రెండో సగం ఇంకా దొరకలేదు. పాత సార్ ఇంటికి ఫోన్ చేయొచ్చా, బాగుండదా?

పాత_కేటలాగర్:
చెయ్యమ్మా. సాయంత్రం ఐదు దాటాక చెయ్. మధ్యాహ్నం పడుకుంటాం.