సీసం విశిష్టోష్ణం 0.031 రావాలి, మాకు 0.022 వచ్చింది

సత్యనారాయణపురం విద్యార్థిని:
సీసం విశిష్టోష్ణం, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన కెలోరీలు, కనుక్కోవడానికి 60 గ్రాముల రాగి కెలోరీమీటర్‌లో (వేడి మార్పిడిని కొలిచే పాత్రలో) 30 డిగ్రీల నీరు 100 గ్రాములు తీసుకున్నాం. ఆవిరితో 100 డిగ్రీలకు వేడిచేసిన 200 గ్రాముల సీసపు గుళ్లు వేస్తే 33 దగ్గర ఆగింది. నీరు పొందిన 300 కెలోరీలను 200 × 67తో భాగిస్తే 0.022. గుళ్లలో వేరే లోహం కలిసి ఉంటుందా?

బ్రాడీపేట మాస్టారు:
గుళ్లను అనుమానించకమ్మా. రాగి పాత్ర కూడా వేడెక్కింది కదా! రాగి విశిష్టోష్ణం 0.095. అంటే మీ పాత్ర 5.7 గ్రాముల నీటికి సమానం. 105.7 × 3 ÷ 13,400 చేయండి, 0.024 వస్తుంది. కలిపే కడ్డీ కూడా రాగిదే అయితే దాన్ని పాత్రతో కలిపే తూచాలి.

గుంటూరు ఇంజినీరింగ్:
మాస్టారి సవరణ సరైనదే, కానీ పెద్ద లోపం థర్మామీటర్‌లో ఉంది. 33 బదులు 34 అని చదివి ఉంటే ఇదే లెక్కలో 0.032 వచ్చేది. ఒక్క గీతకు అంత తేడా! నీటిని 50 గ్రాములకు తగ్గించండి. గుళ్లు మునుగుతాయి, ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీలు పెరుగుతుంది.

కృష్ణలంక ల్యాబ్:
ఫ్యాను ఆపేయండి. బెజవాడ ఉక్కలో కష్టమే, కానీ గాలి తగిలితే నీరు ఆవిరై వేడి పోతుంది. గదికన్నా మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉన్న కుండ నీటితో మొదలుపెట్టడం నాకు ఇష్టమైన పద్ధతి. మొదట గది నుంచి వచ్చే వేడి, తర్వాత గదికి పోయే వేడి చాలావరకు సరిపోతాయి.

తెనాలి నుంచి:
మాకు ఇందుకు భిన్నంగా 0.041 వచ్చింది. గుళ్లను మరిగే నీటిలోంచి గరిటెతో తీసి వేశాం.

బ్రాడీపేట మాస్టారు:
తడి గుళ్లు! అంటుకున్న 2 గ్రాముల నీరు 100 నుంచి 35 డిగ్రీలకు చల్లబడితే 130 కెలోరీలు ఇస్తుంది. సీసం మొత్తం ఇచ్చేదే సుమారు 400. గుళ్లను పొడి పరీక్షనాళికలో వేసి, ఆ నాళికను మరిగే నీటిలో ఉంచండి. తరువాత కెలోరీమీటర్ పక్కకు తెచ్చి ఒక్కసారిగా ఒంపండి.

సత్యనారాయణపురం విద్యార్థిని:
మావి పొడి గుళ్లే మాస్టారూ. సోమవారం 50 గ్రాముల కుండ నీటితో చేస్తాం. అర డిగ్రీ గీతలున్న థర్మామీటర్ కూడా అడుగుతాను.