యూరోపా యూనివర్సాలిస్ 4: సైన్యాన్ని ఎప్పుడు విడగొట్టాలి, ఎప్పుడు కలపాలి?

తుంగభద్ర
ఈ కంప్యూటర్ వ్యూహ ఆటలో విజయనగర రాజ్యంతో ఆడుతున్నాను. 1444లో ఆట మొదలు, ఉత్తరాన బహమనీలు. బలగాలన్నీ ఒకే సైన్యంగా బీదర్ మీదికి నడిపిస్తే కత్తి దూయకముందే మనుషులు తరిగిపోతున్నారు. విడగొడితే శత్రువు ఒక్కో ముక్క మీదా విడివిడిగా పడుతున్నాడు. మీరు ఏ పద్ధతి పాటిస్తారు?

కోటగోడ
తరిగిపోవడానికి కారణం అట్రిషన్. ప్రతి ప్రావిన్సూ ఇంతమందినే పోషించగలదన్న సప్లై లిమిట్ ఉంటుంది. అది దాటితే నెలనెలా నష్టమే, మామూలుగా 5 శాతం వరకు. ఒక రెజిమెంటుకు 1000 మంది కాబట్టి, 30 రెజిమెంట్లు ఆ గరిష్ఠ స్థాయిలో నిలిస్తే మొదటి నెలలోనే 1500 మంది పోతారు. అందుకే నడిచేటప్పుడు విడిగా, కొట్టేటప్పుడు కలిసి. లిమిట్‌కు లోబడిన రెండు మూడు సైన్యాలను పక్కపక్క ప్రావిన్సుల్లో నడిపించండి.

అశ్వదళం
పక్కపక్కన ఉంటే చాలదు, తేదీలు చూడాలి. ఒక సైన్యం 8న చేరి, రెండోది 20న చేరితే ఆ 12 రోజులూ మొదటిది ఒంటరే. దూరంగా ఉన్నదాన్ని ముందు కదిలించి, దగ్గరిదాన్ని ఆపి ఉంచుతాను. ఇంకో కిటుకు: సగం దారి దాటిన సైన్యం వెనక్కి తిరగలేదు. శత్రువు అలా సగం దాటేదాకా ఓపిక పట్టి, అప్పుడు వాడు చేరబోయే ప్రావిన్సుకే నా సైన్యాలన్నిటినీ పంపుతాను. నాకు ఎక్కువ గెలుపులు తెచ్చింది ఇదే.

తుంగభద్ర
అశ్వదళం గారూ, విడగొట్టినప్పుడు సేనాని సంగతి?

అశ్వదళం
ఒక సగంతోనే ఉంటాడు, రెండోది నాయకుడు లేకుండా మిగులుతుంది. శత్రువుకు ఎదురుపడే సగంలో ఆయనను ఉంచండి. కొత్తవాడికి మామూలుగా 50 సైనిక పాయింట్లు ఖర్చు. వెనక నడిచే దళం కోసం నేనైతే అంత పెట్టను.

ఫిరంగి
కలపడంలో ఇంకో రకమూ ఉంది. యుద్ధం తర్వాత ఐదు రెజిమెంట్లలో 400 మంది చొప్పున మిగిలారనుకోండి. కన్సాలిడేట్ నొక్కితే ఆ 2000 మందీ రెండు నిండు రెజిమెంట్లవుతారు. ముందు వరుసలో చోటు పరిమితం, అక్కడ సగం ఖాళీ రెజిమెంట్లు నిలబడితే దెబ్బ పదును తగ్గుతుంది. అయితే మాయమైన మూడింటినీ మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అందువల్ల పరాయి నేల మీద వెంటనే ఇంకో యుద్ధం ఉందంటేనే నొక్కుతాను. సొంత గడ్డ మీద విశ్రాంతి దొరికితే భర్తీ దానంతటదే జరుగుతుంది.

కోటగోడ
ఫిరంగి గారి మాటకు తోడుగా ఒకటి. వరుసలో పట్టేదానికి మించి మనుషులను ఒకేసారి దించకండి. రిజర్వులో ఊరికే నిలబడ్డవాళ్ల మనోబలం కూడా తగ్గుతుంది. రెండో సైన్యాన్ని ఒక ప్రావిన్సు వెనక ఆపి, ముందు వరుస అలసిపోయే సమయానికి చేరేలా పంపండి.

ఫిరంగి
ముట్టడిలోనూ అంతే. సైనిక సాంకేతికత ఏడో స్థాయికి చేరి ఫిరంగులు వచ్చాక, కోట దగ్గర అవసరమైనంత కాల్బలం, ఫిరంగులు మాత్రమే ఉంచి మిగతావారిని పక్క ప్రావిన్సుకు తప్పించండి. ఫిరంగుల దగ్గర కాల్బలం పలచబడకుండా చూసుకోండి. అవి ముందు వరుసలోకి వస్తే రెట్టింపు దెబ్బ తింటాయి.

తుంగభద్ర
బీదర్ చుట్టూ మూడు సైన్యాలు నిలిపాను. సేనాని దక్షిణపు దాంట్లో ఉన్నాడు. బహమనీ సైన్యం ఇంకా సగం దారి దాటలేదు, ఆగి చూస్తున్నాను.