సమస్యాపూరణం: మాడినట్టి పప్పు మధురమయ్యె

సంచాలకుడు: ఈ వారం సమస్య ఇది. ఈ పాదం చివర వచ్చేలా, అర్థం పొసిగేలా మిగతా మూడు పాదాలు పూరించాలి.

మాడినట్టి పప్పు మధురమయ్యె

మా అబ్బాయి ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్లి నెల తిరగకముందే, రాత్రి పదకొండింటికి ఫోను చేసి, కుక్కరు అడుగున నల్లగా అంటుకున్న పప్పును ఏం చేయాలని వాళ్ల అమ్మను అడిగాడు. అడుగు గీకవద్దు, గరిటె లోపలికి దించకుండా పైపైది వేరే గిన్నెలోకి వంపుకో అని ఆవిడ చెప్పింది. ఆ మాటల్లోంచే ఈ పాదం పుట్టింది. ఇరవై ఏళ్లకూ ముప్పై ఏళ్లకూ నడుమ మనిషి వంటా తిండీ ఎలా మారతాయో పూరణల్లో చూడాలని నా కోరిక. అమ్మ వంటను పొగిడి ఊరుకోవద్దని మనవి.

చింతచిగురు:

తొలుత గదిని నేను తులలేని యాకలిన్
వండినట్టి దినము వంక లేదు;
అలసి కూడు కలుప నమ్మయే తలపయ్యె;
మాడినట్టి పప్పు మధురమయ్యె.

కూకట్‌పల్లిలో నలుగురం కలిసి అద్దెకున్న గదిలో అన్నం మాత్రమే వండుకొని, కూరలు కర్రీ పాయింటు నుంచి తెచ్చుకొనేవాళ్లం. రబ్బరు బ్యాండు చుట్టిన పాలిథీన్ సంచిలో వేడికి ఉబ్బి ఉన్న పప్పును, మూల కత్తిరించి గిన్నెలోకి వంపుకోవడమే అప్పట్లో మాకు తెలిసిన వంట. ఆ దుకాణం తెరవని ఒక ఆదివారం నేనే పొయ్యి దగ్గర నిలబడ్డాను.

ఓరుగల్లువాసి: చింతచిగురు గారూ, ‘వంక లేదు’ అన్న ముక్క నాకు ఎంతో నచ్చింది. అయితే పప్పు తీయనవడానికి మీరు ఆకలినీ, అమ్మ తలపునూ రెండింటినీ కారణాలుగా చూపారు. ఇంత చిన్న పద్యానికి ఒక్క కారణమే బలం. ఆకలినే ఉంచితే పద్యం ఇంకా నిలబడేది. మా వైపు గదుల్లో చేరిన కుర్రవాళ్లు మొదట నేర్చుకొనేది పచ్చిపులుసు, ఎందుకంటే దానికి పొయ్యే అక్కరలేదు. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు పిసికితే చాలు. పప్పు దాకా రావడమంటే అది రెండో మెట్టు, ఆ మెట్టు మీ పద్యంలో ఉంది.

పద్యపిపాసి:

కొలువు దొరకి కొడుకు కుక్కరు కొనె నేడు
బయటి కూర మాని పప్పు వండె
అమ్మ పంపినట్టి యావునేతి జలక
మాడినట్టి పప్పు మధురమయ్యె.

చింతచిగురు: మూడో పాదం చివర ‘జలక’ దగ్గర ఆగి, నాలుగో పాదం అందుకోగానే ‘జలకమాడినట్టి’ అయి, మాడు పోయి నెయ్యి వచ్చింది! రెండుసార్లు చదివాను. నా పద్యంలో మాడు మాడుగానే మిగిలిపోయింది.

ఓరుగల్లువాసి: విరుపు గొప్పది, అందులో సందేహం లేదు. కానీ పద్యపిపాసి గారు ఒక విషయం గుర్తు చేసుకోవాలి. ‘ఉపవసించి కడుపు నుబ్బిపోయె’ అన్న సమస్యకు, నెలాఖరున మెస్సు మానేసిన విద్యార్థి వరుసగా మూడు పూటలు నూడుల్సు తిని బాధపడ్డట్టు నేను పూరించినప్పుడు, పద్యంలో ‘నూడుల్సు’ అనే మాట ఉండరాదని మీరే పట్టుబట్టారు. ఇవాళ మీ తొలి పాదంలోనే కుక్కరు ఉంది. పైగా సమస్యలో ఒక ‘నట్టి’ ఉండగా దాని ముందే ‘పంపినట్టి’ అనడం గణం, అంటే పాదంలోని అక్షరాల లెక్క, నింపడానికే పనికివచ్చింది.

పద్యపిపాసి: కుక్కరు ఉకారాంతమై తెలుగింటి వస్తువైపోయింది గనుక వాడాను. అదే తర్కం మీ నూడుల్సుకూ వర్తిస్తుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఆనాటి అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పద్యంలో ఆ వయసు తిండి ఉన్నదున్నట్టు ఉంది. ‘నట్టి’ విషయంలోనూ మీరన్నదే నిజం. ‘అమ్మ సీసనున్న యావునేతి జలక’ అని మార్చుకుంటాను.

ఓరుగల్లువాసి: సంతోషం. ఇక నా పూరణ.

పెండ్లియైన పిదప వండగా నేర్చితి
పోపు నాది కాగ పులుపు తనది
మాటలందు మునిగి మంట మరచినాము
మాడినట్టి పప్పు మధురమయ్యె.

పద్యపిపాసి: మూడో పాదం అందంగా ఉంది, కానీ మొదటి పాదంలో యతి, అంటే పాదం తొలి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, తప్పింది. ‘పె’కు ‘వ’ చెల్లదు.

ఓరుగల్లువాసి: పెండ్లి, వండ అని వాటి రెండో అక్షరాలు కలిపి ప్రాసయతి వేశాను.

సంచాలకుడు: ‘ండ్ల’కు ‘ండ’ ప్రాస కుదరదు. ఆ లకారం అడ్డం వస్తోంది.

చింతచిగురు: యతి సంగతి పెద్దలు చూసుకుంటారు, నేను పులుపు సంగతి అడుగుతాను. కందిపప్పు మెత్తబడకముందే చింతపండు రసం పోస్తే ఎంతసేపు ఉడికించినా పలుకు మిగులుతుంది. ఆ భయంతో మంట పెంచి, నీరు చాలక, నేనూ ఒకసారి అడుగంటించాను. ఈ దంపతుల పప్పు మాడడానికి మాటలే కారణమా, ముందుగా పోసిన పులుపు కూడానా?

ఓరుగల్లువాసి: మాటలే కారణం, పులుపు పప్పు ఉడికాకే పడింది. ఇందాక మీకు చెప్పిన ఒక్క కారణం నియమాన్ని నేను తప్పను. యతి మాత్రం నా తప్పే. సవరించిన పాదం: ‘పెండ్లియైన పిదప వెలదితో వండితిన్’.

పద్యపిపాసి: సవరణతో పద్యం పెరిగింది. మొదట భర్త ఒక్కడే నేర్చుకున్నట్టు ఉండేది, ఇప్పుడు ఇద్దరూ ఒక పొయ్యి ముందుకు వచ్చారు. పోపు ఒకరిది, పులుపు ఒకరిది అన్న రెండో పాదానికి ఇప్పుడే ఆధారం దొరికింది. ఆడపిల్లకు మాత్రమే వంట నేర్పిన ఇళ్లలో పుట్టినవాళ్లం, ఈ పద్యం రాయడానికి మన తరం పట్టింది.

మంచుదారి:

దూరదేశమందు దొరకె నీ రుచి నేడు
చలికి వడకు రాత్రి సంబరముగ
అట్టడుగున నున్న యావకాయ సరస
మాడినట్టి పప్పు మధురమయ్యె.

మిషిగన్‌లో మా జాడీ వేసవిలో నిండుతుంది, జనవరికి అడుగు కనిపిస్తుంది. ఊరు విడిచిన మొదటి రెండేళ్లు బయటి పిజ్జాలతో గడిపి, మూడో చలికాలానికి కందిపప్పు కొనుక్కున్నవాణ్ణి. ఊట ఇంకి నల్లబడిన చివరి ముక్కను వేడి ముద్దపప్పులో నలిపినప్పుడు వచ్చే వాసన కోసమే ఈ పూరణ.

ఓరుగల్లువాసి: పద్యపిపాసి గారి దారే, కానీ జలకం కంటే సరసం మిన్న. నెయ్యి పప్పును తడిపింది, ఆవకాయ పప్పును పలకరించింది.

పద్యపిపాసి: దారి నాది కనుక నాకు బాధ కలగాలి, కలగలేదు. ‘అట్టడుగున’ అన్న మాట నాకు తట్టలేదు. నా పద్యంలోని కొడుకు ఇంకా మొదటి జీతం దగ్గరే ఉన్నాడు, వాడి సీసాలో నెయ్యి నిండుగా ఉంది.

సంచాలకుడు: ఈ వారం మంచుదారి గారి పూరణను పైన ఉంచుతున్నాను. చింతచిగురు గారు ఒక్క కారణంతో మరోసారి ప్రయత్నించాలి, గడువు ఆదివారం రాత్రి.