అప్‌డేట్: 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' పాట రెండు రికార్డుల్లో రెండు వేగాలతో వినిపించడం గురించి

బీటిల్స్ 1967లో విడుదల చేసిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' ఆల్బమ్‌లోని, ఇల్లు విడిచి వెళ్లిపోయే అమ్మాయి గురించిన ఈ పాట నా స్టీరియో (రెండు స్పీకర్లకు వేర్వేరు ధ్వని) రికార్డులో నిదానంగా, మోనో (అంతా ఒకే ధ్వనిగా) రికార్డులో చురుగ్గా వినిపిస్తున్నదని, టర్న్‌టేబుల్ బెల్టు సాగిందేమోనని ఇంతకుముందు అడిగాను. మీ సలహా ప్రకారం కొత్త బెల్టు వేసి, స్ట్రోబ్ డిస్కుతో వేగం సరిచూశాను. తేడా అలాగే నిలిచింది. హార్మోనియం మీద సరిపోల్చితే స్టీరియో పాట ఇ మేజర్ శ్రుతిలోనూ, మోనో పాట ఎఫ్ మేజర్ శ్రుతిలోనూ, అంటే ఒక మెట్టు పైన, పలికింది.

కారణం మిక్సింగ్‌లోనే, అంటే రికార్డు చేసిన ధ్వనులను కలిపి తుది పాటగా మలచడంలోనే, ఉంది. మోనో మిక్స్ చేసేటప్పుడు టేపు వేగం పెంచారు, దానితో శ్రుతి కూడా పెరిగింది. స్టీరియోకు ఆ పెంపు లేదు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో మోనోయే ప్రధానం కనుక బీటిల్స్ దగ్గరుండి చూసుకున్నది ఆ మిక్స్‌నే. 2017లో బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కుమారుడు గైల్స్ మార్టిన్ చేసిన కొత్త స్టీరియో మిక్స్ కూడా మోనో వేగాన్నే అనుసరించింది.

ఇది తెలిశాక మళ్లీ విన్నాను. బీటిల్స్ ఎవరూ ఈ పాటలో వాద్యం ముట్టలేదు. షీలా బ్రోంబర్గ్ హార్ప్‌తో మొదలై తంత్రీవాద్యాలే పాటను నడిపిస్తాయి. నిదానంగా సాగే స్టీరియోలో తల్లిదండ్రుల దుఃఖం బరువెక్కుతుంది. మోనోలో మాత్రం, తెల్లవారుజామున చప్పుడు కాకుండా తలుపు మూసి వెళ్లిపోతున్న అమ్మాయి అడుగుల తొందర వినిపిస్తుంది. పాట ఆ అమ్మాయిది కనుక నాకు మోనోయే సరైనదనిపిస్తున్నది. పాత బెల్టులో ఏ లోపమూ లేదు.