రోజంతా మాటలే వచ్చే రేడియో ఏదైనా ఉందా?

మారతహళ్ళి_శ్రోత
బెంగళూరులో ఇంటి నుంచే పని నాది. ఎఫ్‌ఎం పెడితే పాట, యాడ్, మళ్ళీ అదే పాట. పాడ్‌కాస్టులు ఉన్నాయి కానీ ఏం వినాలో ప్రతిసారీ నేనే వెతుక్కోవాలి, చివరికి నాకు ముందే ఇష్టమైన రెండు మూడు విషయాల దగ్గరే ఆగిపోతున్నాను. వార్తలు, నాటకం, చర్చ, తోటపని, ఏదైనా సరే వాళ్ళే వరసగా వినిపించే స్టేషన్ చెప్పండి. ఇంగ్లీషైనా పర్లేదు.

విజయనగర్ వెంకట్
బీబీసీ రేడియో 4 వినండి. 1967లో ఆ పేరుతో మొదలైంది, బ్రిటన్‌లో టీవీ చూసే ఇళ్ళవాళ్ళు కట్టే లైసెన్స్ ఫీజుతో నడుస్తుంది కాబట్టి యాడ్లు ఉండవు. మనకీ వాళ్ళకీ ఎండాకాలంలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు తేడా. అంటే ఎండాకాలంలో వాళ్ళ పొద్దుటి వార్తల ప్రోగ్రాం 'టుడే' మనకి పదిన్నరకి మొదలై ఒంటిగంటన్నర దాకా వస్తుంది, సరిగ్గా మన పని టైమే. మంత్రుల్ని కూర్చోబెట్టి నిలదీస్తారు, వినితీరాల్సిందే. రెండున్నరకి 'ఉమన్స్ అవర్', 1946 నుంచి వస్తోంది. శుక్రవారం సాయంత్రం ఏడున్నరకి తోటల మీద శ్రోతల ప్రశ్నలు. మన బాల్కనీ మొక్కలకి పనికొచ్చేది తక్కువే అయినా నేను వదలను. తెల్లవారుజామున లేచే అలవాటుంటే ఐదుంబావు దాటాక ఓడల కోసం సముద్ర వాతావరణం చదువుతారు, ఒక్కో సముద్ర ప్రాంతం పేరు, గాలి, అలలు, అంతే, ఎంత ప్రశాంతంగా ఉంటుందో.

బీబీసీ సౌండ్స్ యాప్ 2025 జులైలో బయటి దేశాలకి ఆపేశారు. అయినా బీబీసీ డాట్ కామ్‌లో, బీబీసీ యాప్‌లో రేడియో 4 లైవ్ వస్తుంది.

గుంటూరు_పద్మ
'ది ఆర్చర్స్' చెప్పకపోతే ఎలాగండీ! పల్లెటూరి ధారావాహిక నాటకం, 1951 నుంచి నడుస్తూనే ఉంది. యుద్ధం తర్వాత తిండికి కరువుగా ఉన్నప్పుడు రైతులకి కొత్త పద్ధతులు కథలో కలిపి చెప్పాలని వ్యవసాయ శాఖ సలహాలతో మొదలుపెట్టారు. మన ఆకాశవాణి పాడిపంటలు చేసిన పనే. అందుకే నాకది పరాయి ప్రోగ్రాంలా అనిపించదు. రాత్రి పదకొండున్నరకి వస్తుంది, మర్నాడు సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ వేస్తారు.

మారతహళ్ళి_శ్రోత
వెంకట్ గారూ, పద్మ గారూ, చాలా థాంక్స్. మన దగ్గర ఇలాంటిది ప్రైవేటువాళ్ళు ఎందుకు పెట్టరు?

విజయనగర్ వెంకట్
ప్రైవేటు ఎఫ్‌ఎంలకి సొంత వార్తలు చదివే అనుమతే లేదండీ, ఆకాశవాణి బులెటిన్ యథాతథంగా వేసుకోవచ్చు, అంతే. వార్తలు లేకుండా మాటల స్టేషన్ నిలబడడం కష్టం. ఆ అనుమతి ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను.

గుంటూరు_పద్మ
ఈలోగా ఆకాశవాణిని మాత్రం వదలకండి. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రం బెంగళూరులో కూడా శుభ్రంగా వినిపిస్తుంది. ఉషశ్రీ గారి ధర్మసందేహాలు వచ్చిన కేంద్రం అది. పొద్దున భక్తిరంజని, వార్తలు అక్కడ వినేసి, పదిన్నరకి రేడియో 4కి మారండి.